రాజాం పేజీ జిల్లా మారింది: కుబెర్నెటిస్‌లో రీడైరెక్ట్, రీరైట్ పెట్టుకునే పద్ధతి

2022 ఏప్రిల్ 4 దాకా రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాలకొండ అయితే మన్యం జిల్లాకి వెళ్లింది. జిల్లా పేరుతో లింకులు కట్టుకున్న సైటు ఏదైనా, డెలివరీది కానీ కోచింగ్ సెంటర్‌ది కానీ, పాత లింకులన్నిటినీ కొత్త చోటికి పంపాల్సిందే. సైటు కుబెర్నెటిస్ (యాప్‌లను సర్వర్ల గుంపు మీద నడిపించే సాఫ్ట్‌వేర్) మీద ఉంటే ఆ పని ఎలాగో చూద్దాం. "/శ్రీకాకుళం/రాజాం" కోసం వచ్చినవాళ్లకి 404 (పేజీ లేదన్న ఎర్రర్) చూపిస్తే మళ్లీ రారు. (పాత్‌లు, అంటే అడ్రస్‌లో సైటు పేరు తర్వాత వచ్చే భాగాలు, ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీ ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి.)

ఫైలు తెరిచే ముందు ఒక్కటి తేల్చుకోండి: కొత్త అడ్రస్ బ్రౌజర్‌కి తెలియాలా, అక్కర్లేదా? తెలియాలంటే రీడైరెక్ట్. అక్కర్లేదు, క్లస్టర్ (ఆ సర్వర్ల గుంపు) లోపల సర్వీసుకి మాత్రమే పాత్ మార్చి పంపితే చాలు అంటే రీరైట్. రాజాం పేజీది మొదటి రకం.

ఇప్పటికీ చాలామంది ఇన్‌గ్రెస్ ఎన్‌జినెక్స్ (బయటి రిక్వెస్టులని లోపలి సర్వీసులకి పంచే కంట్రోలర్) యానోటేషన్లతోనే, అంటే దానికిచ్చే సెట్టింగ్ లైన్లతోనే ఈ పని చేస్తున్నారు. కానీ 2026 మార్చి వరకే ఆ ప్రాజెక్టును చూసుకుంటామని కుబెర్నెటిస్ వాళ్లు 2025 నవంబర్‌లోనే ప్రకటించారు, ఆ తర్వాత సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా రావు. అందుకే కొత్తగా పెట్టేది అదే పనికి కుబెర్నెటిస్‌లో ఉన్న కొత్త పద్ధతి గేట్‌వే ఏపీఐలోనే పెట్టండి.

గేట్‌వే ఏపీఐలో దారులు రాసే హెచ్‌టీటీపీరూట్‌లో ఒక రూల్ రాసి, పాత్‌ప్రిఫిక్స్ (పాత్ మొదటి భాగం) మ్యాచ్‌గా "/శ్రీకాకుళం/రాజాం" ఇవ్వండి. ఫిల్టర్ రిక్వెస్ట్‌రీడైరెక్ట్, అందులో పాత్ టైప్ రీప్లేస్‌ప్రిఫిక్స్‌మ్యాచ్, విలువ "/విజయనగరం/రాజాం". అప్పుడు ఆ పాత్ కింద ఉన్న పేజీలన్నీ వాటంతటవే కొత్త చోటికి వెళ్తాయి, ఒక్కొక్కదానికీ రూల్ రాయక్కర్లేదు. ఈ రూల్‌లో బ్యాకెండ్‌రెఫ్స్ (ఏ సర్వీసుకి పంపాలో చెప్పేది) పెట్టకూడదు, పెడితే అప్లై చేసేటప్పుడే ఎర్రర్ వస్తుంది. స్టేటస్‌కోడ్ ఇవ్వకపోతే 302 (తాత్కాలిక రీడైరెక్ట్) పడుతుంది. జిల్లా మారడం శాశ్వతం కాబట్టి చివరికి 301 కావాలి, కానీ మొదట 302తోనే పెట్టి చూడండి, ఎందుకంటే 301ని బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి, తప్పు అడ్రస్ ఒకసారి వెళ్లిందంటే మీరు సర్వర్‌లో సరిచేసినా అవతలివాళ్ల ఫోన్‌లో పాతదే తిరుగుతుంటుంది. అదే సిరిమానోత్సవం రోజున విజయనగరం టౌన్‌లో డెలివరీ ఆపి నోటీసు పేజీకి పంపుతున్నారనుకోండి, దాన్ని ఎప్పటికీ 302గానే ఉంచాలి.

ఫారాలు సబ్మిట్ అయ్యే చోట జాగ్రత్త. పోస్ట్‌గా (డేటా పంపుతూ) వచ్చిన రిక్వెస్ట్ 301, 302 తర్వాత చాలాసార్లు గెట్‌గా (పేజీ అడగడం మాత్రమే) మారిపోతుంది, నింపిన డేటా పోతుంది. అక్కడ పోస్ట్‌ని పోస్ట్‌గానే ఉంచే 307 లేదా 308 కావాలి, మీ కంట్రోలర్ వాటిని ఇస్తుందో లేదో ముందే చూసుకోండి.

ఇక రీరైట్. "/ఆర్డర్లు" కింద వచ్చేవన్నీ ఆర్డర్ల సర్వీసుకి వెళ్లాలి, కానీ ఆ యాప్‌కి "/" తప్ప ఇంకేం తెలీదు. యూఆర్‌ఎల్‌రీరైట్ ఫిల్టర్‌లో రీప్లేస్‌ప్రిఫిక్స్‌మ్యాచ్ విలువ "/" ఇస్తే "/ఆర్డర్లు/25" అన్నది యాప్‌కి "/25"గా చేరుతుంది. ఇక్కడికి పని అయిపోయిందనుకుంటారు, పేజీ తెరిస్తే మాత్రం డిజైన్ అంతా చెదిరిపోయి ఉంటుంది. రీరైట్ ముట్టుకునేది లోపలికి వెళ్లే పాత్‌ని మాత్రమే, యాప్ పంపే హెచ్‌టీఎమ్‌ఎల్‌లోని లింకుల జోలికి పోదు. "/స్టైల్" అని రాసి ఉంటే బ్రౌజర్ సైటు మొదట్లో వెతుకుతుంది, అక్కడ అది ఉండదు. దీన్ని యాప్‌లోనే బేస్ పాత్ (లింకుల ముందు చేరే "/ఆర్డర్లు") సెట్ చేసి సరిచేయాలి, గేట్‌వేలో ఎన్ని రూల్స్ చేర్చినా తీరదు.

పాత ఇన్‌గ్రెస్ నుంచి మారేవాళ్లు ఇది కూడా చూసుకోండి. అక్కడ "(/|$)(.*)", "/$2" లాంటి రీరైట్ ఒక్కచోట వాడినా ఆ హోస్ట్ మీద పాత్‌లన్నీ రెజెక్స్‌గా (అక్షరాల నమూనాగా), పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా మ్యాచ్ అవుతాయి. గేట్‌వేలో పాత్‌ప్రిఫిక్స్ అలా వదలదు, కాబట్టి నిన్నటిదాకా పనిచేసిన లింకు మారాక 404 ఇవ్వొచ్చు.

హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లించే రూట్‌ని పేరెంట్‌రెఫ్స్‌లో (రూట్ ఏ గేట్‌వేకి తగలాలో చెప్పే చోట) సెక్షన్‌నేమ్ ఇచ్చి 80 పోర్ట్ (మామూలు హెచ్‌టీటీపీ) లిజనర్‌కి మాత్రమే తగిలించండి. ఆ పేరు ఇవ్వకపోతే 443కి (హెచ్‌టీటీపీఎస్ పోర్ట్) కూడా తగులుకుంటుంది, బ్రౌజర్ అక్కడక్కడే తిరిగి చివరికి రీడైరెక్టులు ఎక్కువయ్యాయని చేతులెత్తేస్తుంది.

చెక్ చేసేటప్పుడు బ్రౌజర్‌ని నమ్మకండి, కర్ల్‌తో (టెర్మినల్ నుంచి రిక్వెస్ట్ పంపే టూల్) హెడర్లు మాత్రం తెప్పించి స్టేటస్ కోడ్, లొకేషన్ (ఎక్కడికి పంపుతోందో చెప్పేది) చూడండి. రాజాం పేజీతో పాటు దాని కింద ఉన్న ఒక లోపలి పేజీనీ, చివర స్లాష్ ఉన్నదాన్నీ, ప్రశ్న గుర్తు తర్వాత ఏదైనా ఉన్న లింకునీ విడివిడిగా అడగండి. నాలుగూ సరైన చోటికే వెళ్తున్నాయని తేలాక 302 తీసి 301 పెట్టండి.