ఊళ్ళో కూర్చుని ఆఫీసు పని: చేసేవాళ్ళకీ, చేయించేవాళ్ళకీ

నేను భీమవరంలో ఉండి హైదరాబాద్ ఆఫీసుకి పనిచేస్తాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ టీమ్‌కి లీడ్‌ని. మా టీమ్‌లో ఒకరు కరీంనగర్‌లో, ఒకరు అనంతపురంలో, మిగతావాళ్ళు హైదరాబాద్‌లో ఉంటారు. పైవాళ్ళకి నేను కనిపించని ఉద్యోగిని, టీమ్‌కి కనిపించని మేనేజర్ని. రెండు వైపుల గొడవలూ నా దగ్గరికే వస్తాయి. ఇంటి నుంచి పని అడగబోయేవాళ్ళకీ, ఇవ్వాలా వద్దా అని ఆలోచించే యజమానులకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు డబ్బు లెక్క చూసుకోండి. గచ్చిబౌలి వైపు అద్దె, రోజూ ట్రాఫిక్‌లో పోయే గంటలు మిగులుతాయి, నిజమే. కానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళు సొంతింటికి మారితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె కోసం ఇచ్చే భాగం) మీద వచ్చే పన్ను మినహాయింపు పోతుంది. అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ వాళ్ళకి అద్దె ఇవ్వొచ్చు. అయితే నిజంగా బ్యాంకు ద్వారా ఇవ్వాలి, వాళ్ళు దాన్ని ఆదాయంగా చూపించాలి. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ నంబర్ అడుగుతారు. కొత్త విధానంలో ఈ మినహాయింపే లేదు. ఇంకోటి, 'ఊరు మారితే జీతం మారుతుంది' అన్న షరతు మీ ఆఫర్ లెటర్లో ఉందేమో సామాను సర్దకముందే చదవండి.

తర్వాత కరెంటు, నెట్. మా వైపు లైన్ల పని ఉందంటే పొద్దున తీసిన కరెంటు మధ్యాహ్నం దాటాక గానీ ఇవ్వరు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కాబట్టి అందరూ ధీమాగా ఉంటారు. ముందు ఆగిపోయేది రౌటర్. ఇన్వర్టర్ లేనివాళ్ళు రౌటర్‌కి విడిగా దొరికే చిన్న యూపీఎస్ కొనుక్కోండి. ఫైబర్ డబ్బా, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండూ దాని మీదే నడవాలి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఏ కంపెనీదో ఫోన్ సిమ్ ఆ కంపెనీది కాకుండా చూసుకోండి, రెండూ ఒకేసారి పడిపోతే దిక్కుండదు. కుర్చీ మంచిది కొనండి. బల్ల ఏదైనా సర్దుకోవచ్చు.

ఇంట్లోవాళ్ళ సంగతి దీనికంటే కష్టం. 'ఇంట్లోనే ఉంటుందిగా' అన్న ఒక్క మాటతో బ్యాంకు పనీ, పిల్లల బస్సూ, చుట్టాల కాఫీలూ అన్నీ మన నెత్తినే పడతాయి. ఆడవాళ్ళకి మరీను. క్లయింట్‌తో మాట్లాడుతుంటే మా అత్తగారు తలుపు తీసి, "అమ్మాయ్, గ్యాస్ అబ్బాయి వచ్చాడు, ఓటీపీ చెప్పమంటున్నాడు" అన్నారు. మైక్ ఆన్‌లోనే ఉంది. ఆవిడ తప్పేం లేదు, ఓటీపీ వచ్చేది నా ఫోన్‌కే కదా. ఆ వారమే గ్యాస్ కనెక్షన్‌కి మా ఆయన నంబర్ పెట్టించాను. ఇంట్లోవాళ్ళకి 'డిస్టర్బ్ చేయకండి' అని చెబితే సరిపోదు. ఏ పనికి మన దగ్గరికి రావాల్సి వస్తోందో చూసి, ఆ పనిని ఇంకొకరికి మార్చాలి.

ఇక అసలు విషయం. ఆఫీసులో మీరు కష్టపడుతుంటే పక్క సీటువాళ్ళకి కనిపిస్తుంది. ఇంట్లో ఎవరికీ కనిపించదు. అందుకే రాసి పెట్టాలి. పొద్దున్నే గ్రూప్‌లో 'బిల్లు సమస్య మీద పనిచేస్తున్నాను' అని పెడతారు చాలామంది. దాన్నిబట్టి ఎవరికీ ఏమీ అర్థం కాదు. మా అనంతపురం కుర్రాడు ఇలా రాస్తాడు:

"నిన్నటి ఇన్‌వాయిస్ తేడా దొరికింది. జీఎస్టీ రౌండింగ్ దగ్గర పైసలు తప్పుతున్నాయి. మధ్యాహ్నం 3కి టెస్టింగ్‌కి ఇస్తాను. టెస్ట్ డేటాబేస్ యాక్సెస్ ఇంకా రాలేదు, 12 లోపు రాకపోతే ఇది రేపటికి పోతుంది."

ఏం తేలింది, ఎప్పుడిస్తాడు, ఎక్కడ ఆగింది, అన్నీ ఉన్నాయి. ఇది చూశాక అతనికి ఫోన్ చేసి 'ఎంతవరకు వచ్చింది' అని అడగాల్సిన పని నాకుండదు. యాక్సెస్ ఇప్పించే పని మాత్రం నాది. ఆర్నెల్ల తర్వాత అప్రైజల్‌లో అతని తరఫున మాట్లాడాల్సి వచ్చినా ఈ మెసేజ్‌లే పనికొస్తాయి. ఫోన్లో తేల్చుకున్న మాటని కూడా కాల్ అయిపోయిన వెంటనే రెండు లైన్లలో గ్రూప్‌లో పెట్టండి. లేకపోతే కాల్‌లో లేనివాళ్ళు పాత పద్ధతిలోనే పని చేసుకుపోతారు.

యజమానులు ఇక్కడే తప్పుతారు. పని కనిపించకపోయేసరికి మనిషిని చూడాలనుకుంటారు. నేను ఇదివరకు చేసిన ఒక కంపెనీలో కొన్ని నిమిషాలకోసారి స్క్రీన్ ఫొటో తీసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాంతో పని పెరగలేదు గానీ మౌస్‌ని దానంతటదే కదిపే పరికరాలు కొనుక్కున్నారు జనం. చాట్‌లో పేరు పక్కన 'ఆన్‌లైన్‌లో ఉన్నారు' అని చూపే పచ్చ చుక్క వెలుగుతోందా అని చూసే మేనేజర్‌కి పచ్చ చుక్కే దక్కుతుంది. ఈ వారం ఎవరి నుంచి ఏం రావాలో సోమవారమే రాసివ్వండి, శుక్రవారం అది వచ్చిందో లేదో చూడండి. కస్టమర్ డేటా భద్రత కోసం మాత్రం గట్టిగానే ఉండాలి. కంపెనీ లాప్‌టాప్, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే కనెక్షన్) తప్పనిసరి చేయండి, సొంత పెన్‌డ్రైవ్‌లు వద్దనండి. దీనికెవరూ నొచ్చుకోరు.

ఇంటి నుంచి పని లాభమా నష్టమా అని వాదించేవాళ్ళకి నేను చైనా ఉదాహరణ చెబుతాను. సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలలు పరిశీలించింది. ఇంటి నుంచి చేసినవాళ్ళ పని 13 శాతం పెరిగింది, మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. కానీ చేసిన పనికి తగ్గట్టు ప్రమోషన్లు రాలేదు. ఇల్లా ఆఫీసా మళ్ళీ ఎంచుకోమంటే సగానికి పైగా మనసు మార్చుకున్నారు, ఇంట్లో ఒంటరిగా ఉండటం అందులో పెద్ద కారణం. అదే కంపెనీలో 1,612 మందితో చేసిన ఇంకో అధ్యయనం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. ఈసారి వారానికి రెండు రోజులు మాత్రమే ఇల్లు. రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, పనిలో గానీ ప్రమోషన్లలో గానీ నష్టం కనిపించలేదు. ఆఫీసుకి దగ్గర్లో ఉండేవాళ్ళకి నేనైతే ఈ పద్ధతే చెబుతాను.

ఫ్రెషర్లని మాత్రం మొదటి రోజు నుంచీ ఇంట్లో కూర్చోబెట్టకండి. బీటెక్ అయిపోయి వచ్చిన పిల్లలకి డౌట్ అడగాలంటే మొహమాటం, 'ఇది కూడా తెలీదా' అంటారేమోనని టెన్షన్. రెండు రోజులు ఒక్కళ్ళే తంటాలు పడతారు. మొదటి కొన్ని నెలలు ఆఫీసులో సీనియర్ పక్కన సీటివ్వండి. తర్వాత దూరంగా ఉన్నా ఒక రూల్ పెట్టండి: అరగంట పాటు ఎక్కడైనా ఇరుక్కుంటే గ్రూప్‌లో అడగాల్సిందే, అడక్కపోతేనే తప్పు. ముందు లీడ్ తన డౌట్ అదే గ్రూప్‌లో అడిగితే పిల్లలకి ధైర్యం వస్తుంది.

అమెరికా క్లయింట్లున్నవాళ్ళకి ఇంకో మాట. న్యూయార్క్‌లో పొద్దున 10 గంటల మీటింగ్ మనకి వేసవిలో రాత్రి 7:30కి వస్తుంది. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం మార్చగానే అది 8:30 అవుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఆ గంట ఎక్కణ్ణుంచి తీయాలో, అంటే మర్నాడు పొద్దున ఆలస్యంగా మొదలుపెట్టొచ్చా అని, అక్టోబర్‌లోనే మేనేజర్‌తో మాట్లాడి మెయిల్‌లో పెట్టించుకోండి. తర్వాత అడిగితే అలవాటైపోయిందిగా అంటారు.

అప్పుడప్పుడూ ఆఫీసుకి వెళ్ళి రండి. నాకైతే సాయంత్రం నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి లింగంపల్లి. టికెట్ తీసుకునే ముందు మేనేజర్ ఆ రోజు ఉంటారో లేదో కనుక్కోండి, లేకపోతే అక్కడికెళ్ళి కూడా వీడియో కాల్‌లోనే మాట్లాడాల్సి వస్తుంది. వెళ్ళిన రోజు మీటింగులు పెట్టుకోకండి, అవి ఇంటి నుంచే అవుతాయి. కొత్తగా చేరినవాళ్ళ పక్కన కూర్చోండి, క్యాంటీన్‌లో వేరే టీమ్‌వాళ్ళతో టీ తాగండి. రాబోయే ప్రాజెక్టుల కబురు మెయిల్ కంటే ముందు అక్కడే తెలుస్తుంది. జీతం మాట, ప్రమోషన్ మాట ఉంటే ఆ రోజే ఎదురుగా కూర్చుని అడగండి, ఆర్నెల్ల మెసేజ్‌ల్లో ముఖ్యమైనవి ఒక పేజీకి తెచ్చి చేతిలో పెట్టుకుని.