దేవునికి దగ్గరగా – 4వ పాఠం: బేరం లేని ప్రార్థన

గత పాఠం చివర ఒక పని చెప్పాను. ఏదైనా విషయంలో టెన్షన్ పడుతున్నప్పుడు మీరు చేసే ప్రార్థనను దిద్దకుండా, నోటికి వచ్చింది వచ్చినట్టు కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు తీయండి. రాయనివాళ్లు ఇక్కడే ఆగి రాయండి. అది చేతిలో లేకపోతే ఈ పాఠం కథలా చదివేసి పక్కన పెట్టేస్తారు.

ఇప్పుడు రెండు రకాల మాటల కింద గీత గీయండి. మొదటి రకం తేలిగ్గానే దొరుకుతుంది: "ప్రభువా, నువ్వు ఈ పని చేస్తే నేను ఫలానాది చేస్తాను." రెండోది కాస్త దాక్కుని ఉంటుంది: "ఇన్నేళ్లుగా నీ సేవలో ఉన్నాను కదా, ఒక్క ఆదివారం కూడా మానలేదు కదా." మొదటిది ఇకముందు కడతామన్న ధర, రెండోది ఇప్పటికే కట్టేశామనుకుంటున్న ధర. ఏళ్ల తరబడి సంఘంలో ఉన్నవాళ్ల కాగితాల్లో రెండోదే ఎక్కువ.

ఈ అలవాటు ఎలా వదులుతుందో చూడటానికి యాకోబును మించిన ఉదాహరణ బైబిల్లో నాకు కనబడలేదు. ఒకే మనిషి, రెండు ప్రార్థనలు, మధ్యలో 20 ఏళ్లు. ఆదికాండము 28:10-22, తర్వాత 32:9-12 చదివి ఇక్కడికి రండి.

మొదటి చోట యాకోబు తండ్రిని మోసం చేసి, అన్న కోపానికి భయపడి పారిపోతున్నాడు. రాత్రి కలలో దేవుడు మాట్లాడాడు. ఆ మాటల్లో గద్దింపు లేదు, షరతూ లేదు. "నేను నీకు తోడై యుండి" నిన్ను కాపాడతాను, ఈ దేశానికి తిరిగి తీసుకొస్తాను, చెప్పింది నెరవేర్చేవరకు విడువను అన్నాడు. తెల్లవారగానే యాకోబు మొక్కుకున్నాడు. దేవుడు నాకు తోడుండి, దారిలో కాపాడి, తిండీ బట్టా ఇచ్చి, క్షేమంగా ఇంటికి చేరిస్తే యెహోవా నాకు దేవుడై ఉంటాడు, నువ్వు ఇచ్చే వాటన్నిటిలో పదో వంతు నీకిస్తాను అన్నాడు. రాత్రి ఉచితంగా విన్న మాటలనే పొద్దున షరతులుగా మార్చి దేవుడికే తిరిగి అప్పజెప్పాడు. ఇది కృతజ్ఞతే అని చదివేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఇందులో లెక్కలు చూసుకునే మనిషి గొంతే ఎక్కువ వినిపిస్తుంది. విశేషం ఏమిటంటే, దేవుడు ఆ మొక్కును తప్పుబట్టలేదు, తన మాటనూ వెనక్కి తీసుకోలేదు.

తర్వాత 20 ఏళ్లు మామ లాబాను దగ్గర కొలువు: అతని కూతుళ్లను పెళ్లి చేసుకోవడానికి 14, మందల కోసం 6. మామ జీతం పదిసార్లు మార్చాడు. బేరం అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో యాకోబుకు బాగా తెలిసొచ్చింది.

ఇక రెండో ప్రార్థన. అన్న 400 మందితో ఎదురొస్తున్నాడని కబురు. యాకోబు ముందు దేవుణ్ణి తన పితరుల దేవుడిగా పిలిచాడు. నువ్వు తిరిగి వెళ్లమంటేనే బయలుదేరాను అని గుర్తుచేశాడు. నువ్వు చేసిన మేలుకు నేను "అపాత్రుడను" అన్నాడు. అన్న వచ్చి పిల్లలనూ వాళ్ల తల్లులనూ చంపుతాడేమోనని భయంగా ఉంది, తప్పించు అన్నాడు. చివర్లో, మేలు చేస్తానని నువ్వే అన్నావు అన్నాడు. "నువ్వు చేస్తే నేను చేస్తాను" అనే మాట ఎక్కడా లేదు. ఇంకో సంగతి నాకు బాగా నచ్చుతుంది. పగలు ఎండకు, రాత్రి మంచుకు తాళి ఎంత కష్టపడ్డాడో అంతకుముందు అధ్యాయంలోనే లాబాను ముందు ఏకరువు పెట్టాడు. దేవుని ముందు ఆ కష్టం ఊసే ఎత్తలేదు.

మీ కాగితం మీద ఇప్పుడు ఇదే చేయండి. గీత గీసినవన్నీ కొట్టేయండి. మిగిలింది చాలా చిన్నగా, బోసిగా అనిపిస్తుంది. "నాకు భయంగా ఉంది, సాయం చెయ్యి" అన్నంత వరకే మిగిలినా కంగారుపడి ఇంకేదో చేర్చకండి. ఖాళీ అయిన చోట దేవుని మాట ఒకటి రాయండి. ఇక్కడ జాగ్రత్త అవసరం. యాకోబుకు ఇచ్చిన దేశాన్ని మన ఉద్యోగానికో పరీక్షకో గ్యారంటీగా వాడుకోకూడదు. క్రీస్తులో అందరికీ ఇచ్చిన మాటను తీసుకోండి. తన సొంత కుమారుణ్ణే ఇచ్చినవాడు మిగతావి ఎందుకు ఇవ్వడు అని పౌలు అడిగిన రోమా 8:32 మొదలుపెట్టడానికి మంచిది. మీ విన్నపం విన్నపంగానే ఉండనివ్వండి. దాని పక్కన ఈ మాట ఉంటుంది, అంతే.

బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా కూడా మొక్కుకుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆమె ఇస్తానన్నది దేవుడు ఇవ్వబోయే బిడ్డనే, తన దగ్గరున్న వేరే ధర ఏదీ కాదు. మొక్కుబడి అంతా తప్పని నేను అనడం లేదు. వరుస ముఖ్యం. లూకా 19లో యేసు ముందుగా సుంకరి జక్కయ్యతో నీ ఇంటికి వస్తానన్నాడు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని జక్కయ్య అన్నది ఆ తర్వాత. కృప దొరికింది కదా అని ఎలాగైనా బతకవచ్చా అనే ప్రశ్న రోమా 6లో ఉంది; దానికి ఒక పూర్తి పాఠం కావాలి, 7వ పాఠంలో చూద్దాం.

గీత గీయడానికి ఏమీ దొరకనివాళ్లు లూకా 15లో యేసు చెప్పిన తప్పిపోయిన కొడుకు కథలో పెద్ద కొడుకు మాటలు చదవండి. ఇంటికి తిరిగొచ్చిన చిన్నవాడు "తండ్రీ" అని మొదలుపెట్టాడు. పొలం నుంచి వచ్చిన పెద్దవాడు అలా పిలవనే లేదు; ఇన్నేళ్లుగా సేవ చేస్తున్నాను, నాకొక మేకపిల్లనైనా ఇవ్వలేదు అని లెక్క తీశాడు. తండ్రి ఆ లెక్క సరిచూడలేదు, "నావన్నియు నీవి" అన్నాడు. ఆ ఇద్దరు కొడుకుల మాటలనూ మీ కాగితం పక్కన పెట్టుకుని, ఏ గొంతు మీదో చూడండి.

ఒక్కసారి దిద్దితే పాత అలవాటు పోతుందనుకోవద్దు. అంత చక్కగా ప్రార్థించిన యాకోబే ఆ వెంటనే అన్నను శాంతపరచడానికి మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి 500 పైచిలుకు పశువులను ముందు పంపాడు. అన్న మాత్రం పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు, ఆ మందంతా ఎందుకని అడిగాడు.

ఈ వారమంతా రోజూ ఒక ప్రార్థన రాసి, అదే పద్ధతిలో కొట్టివేతలు చేయండి. కాగితాలు పారేయకండి, 6వ పాఠంలో మళ్లీ అవసరపడతాయి. వచ్చే పాఠానికి 13వ కీర్తన చదివి రండి. ఆరు వచనాలే, కానీ మొదటి రెండింటిలోనే "ఎన్నాళ్లు" అని దేవుణ్ణి నిలదీయడం కనబడుతుంది. అలా అడగవచ్చా అన్నది అక్కడ చూద్దాం.