కిందికి దించిన కారుకు వెనక చక్రాల అలైన్‌మెంట్ ఎలా చేయాలి?

సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా ఒడిశాలోని కోరాపుట్ వచ్చిపోయేవాళ్లకు ఆ మలుపుల సంగతి చెప్పక్కర్లేదు. దిగుతూ దిగుతూ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బరువు ముందుకు పోతుంది, వెనక టైర్లు తేలికవుతాయి. ఆ క్షణంలో వెనక చక్రాలు కాస్త బయటికి చూస్తున్నా చాలు, వాన రోడ్డు మీద కారు తోక పక్కకి జారిపోవచ్చు. మా జయపురం కుర్రాళ్లు స్ప్రింగులు మార్చి కారును కిందికి దించుతున్నారు, ముందు చక్రాలకు అలైన్‌మెంట్ చేయించుకుని వెళ్లిపోతున్నారు. వెనక చక్రాల ఊసే ఎత్తరు. ఈ వ్యాసం వాళ్ల కోసమే.

రెండు మాటలు ముందుగా తెలియాలి. వెనక నుంచి చూసినప్పుడు చక్రం పై అంచు లోపలికి వాలి ఉంటే నెగటివ్ క్యాంబర్. పైనుంచి చూసినప్పుడు చక్రం ముందు అంచు లోపలికి తిరిగి ఉంటే టో-ఇన్, బయటికి తిరిగి ఉంటే టో-అవుట్. కారును కిందికి దించితే ఈ రెండూ మారతాయి. టైరు లోపలి అంచు అరిగి తీగలు బయటపడితే అందరూ క్యాంబర్‌నే తిడతారు. నిజానికి క్యాంబర్ ఒక్కటే అయితే టైరు నెమ్మదిగా అరుగుతుంది. బరువు లోపలి అంచు మీద పడి ఉండగా టో కూడా తప్పితే, ఆ అంచును గరుకు నేల మీద రాసినట్టు రోడ్డు మీద ఈడుస్తుంది. అసలు దోషి టో.

ముందు మీ కారు కింద ఏముందో చూడండి. స్విఫ్ట్, బాలెనో, ఐ20, పోలో లాంటి వాటికి వెనక టోర్షన్ బీమ్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే ఉక్కు దూలం ఉంటుంది. దించినా వాటి కోణాలు పెద్దగా మారవు, తిప్పడానికి బోల్టూ ఉండదు. కొలత తేడాగా వస్తే బీమ్ వంగిందేమో చూసుకోవాలి, లేదా హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) వెనక షిమ్ (పల్చటి లోహపు పలక) వేయించుకోవాలి. స్కోడా లారా, పాత సివిక్ లాంటి వాటికి ఒక్కో వెనక చక్రానికి విడిగా దాని ఆర్మ్‌లు (చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీలు) ఉంటాయి. కిందిదంతా అలాంటి కార్ల గురించే.

సిద్ధం చేసుకోవడం

సర్వీసింగ్ గుంట ఉన్న గ్యారేజీ దొరికితే సగం పని అయినట్టే. దించిన కారు కింద దూరడం కష్టం, జాకీ మీద ఉన్న కారు కిందికి దూరడం ప్రమాదం. టైర్లలో గాలి సరిచేయండి, డిక్కీలో బరువులు తీసేయండి. తాపీమేస్త్రీ వాడే నీళ్ల పైపుతో నాలుగు చక్రాల కింద నేల ఒకే మట్టంలో ఉందో లేదో చూసి, తక్కువైన చోట పలక వేయండి. వెనక చక్రాల కింద రెండేసి నున్నటి టైల్ ముక్కలు, మధ్యలో గ్రీజు రాసి పెడితే చక్రం పక్కకి స్వేచ్ఛగా జరుగుతుంది. హబ్ మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న బాడీ రేకు) అంచు దాకా ఎత్తు కొలిచి, కుడి ఎడమలు సమానమని తేల్చుకోండి. ఎత్తే తేడాగా ఉంటే ముందు అది సరిచేయాలి.

మన రోడ్ల గుంతలకు రిమ్ములు వంగుతాయి. ఒక్కో చక్రం ఎత్తి తిప్పి చూడండి. వంకర ఉంటే ఆ చోట సుద్దతో గీసి, టో కొలిచేటప్పుడు గీత పైనో కిందో ఉండేలా కారు నిలపండి.

దారంతో కొలవడం

రెండు అల్యూమినియం పైపులు కారు కంటే వెడల్పుగా తీసుకుని, రెండింటికీ ఒకే దూరంలో గాట్లు పెట్టండి. ఒకటి ముందు, ఒకటి వెనక స్టాండ్ల మీద ఉంచి, గాట్లలోంచి హబ్ ఎత్తున దారాలు బిగించండి. అప్పుడు రెండు దారాలూ సమాంతరంగా ఉంటాయి. ముందు హబ్‌లకు దారం దూరం కుడి ఎడమల ఒకటే, వెనక హబ్‌లకూ కుడి ఎడమల ఒకటే అయ్యేదాకా పైపులు జరపండి. ముందు దూరమూ వెనక దూరమూ ఒకటి కాకపోయినా పర్వాలేదు.

ఇప్పుడు స్టీలు స్కేలుతో దారం నుంచి వెనక రిమ్ము ముందు అంచుకూ వెనక అంచుకూ కొలవండి. ముందు 62, వెనక 60 వస్తే 2 మిల్లీమీటర్ల టో-ఇన్. కొలిచేవాళ్లు ఇద్దరుంటే లోపలో బయటో చెప్పడానికి ఒకే మాట పెట్టుకోండి. మా దగ్గర కుర్రాడు 'భితర', 'బాహార' అని ఒడియాలో అరుస్తాడు, నేను తెలుగులో రాసుకుంటాను, ఎప్పుడూ తేడా రాలేదు. 16 అంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకు సుమారు 440 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి 1 మిల్లీమీటరు అంటే దాదాపు 0.13 డిగ్రీ.

క్యాంబర్‌కు దారానికి గుండు కట్టి రిమ్ము పక్కన వేలాడదీసి, పై అంచుకూ కింది అంచుకూ తేడా చూడండి. 7.7 మిల్లీమీటర్లకు 1 డిగ్రీ.

సరిచేయడం

ముందు క్యాంబర్, తర్వాతే టో. క్యాంబర్ కదిపితే టో కూడా కదులుతుంది. క్యామ్ బోల్టుల (తిప్పితే ఆర్మ్‌ను లోపలికో బయటికో జరిపేవి) మీద ముందురోజే తుప్పు వదిలించే నూనె చల్లి, ఇప్పుడున్న స్థానం పెయింటుతో గుర్తుపెట్టండి. నట్టు వదులు చేసి బోల్టు తలను కొద్దికొద్దిగా తిప్పండి. మొదట పట్టుకోవాల్సింది కంపెనీ ఇచ్చిన పరిధినే. అది దొరక్కపోతే రోడ్డు కారుకు నేను క్యాంబర్ -1 నుంచి -1.5 డిగ్రీల మధ్య (మైనస్ అంటే నెగటివ్), ఒక్కో చక్రానికి 0.5 నుంచి 1 మిల్లీమీటరు టో-ఇన్ పెడతాను. టో-అవుట్ మాత్రం వద్దు. రెండు వైపులా టో సమానంగా లేకపోతే కారు ఎండ్రకాయలా పక్కకి నడుస్తుంది, స్టీరింగు నిటారుగా ఉండదు. క్యామ్ బోల్టు చివరిదాకా తిప్పినా క్యాంబర్ రాకపోతే పొడవు మార్చుకునే ఆర్మ్ కొనక తప్పదు.

ప్రతిసారీ కారును నాలుగు మీటర్లు వెనక్కీ ముందుకీ నెట్టి, డిక్కీ మీద నొక్కి వదిలి, మళ్లీ కొలవండి. అప్పుడే సస్పెన్షన్ కుదురుకుంటుంది.

ఒక్కటి మరవకండి. ఆర్మ్‌ల బోల్టులన్నీ చక్రాల మీద బరువు ఉండగానే చివరి బిగింపు బిగించాలి. నా సివిక్‌కు ఒక షాపులో చక్రాలు వేలాడుతుండగానే బిగించేశారు. కారును నేల మీదికి దించగానే ఆర్మ్‌ల కీళ్లలోని రబ్బరు బుష్‌లు మెలిపడి, ఏడాది తిరగకుండా చిరిగిపోయాయి. టార్క్ పానాతో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), కంపెనీ చెప్పిన లెక్కకు బిగించండి.

వెనక పని పూర్తయ్యాకే ముందు చక్రాలు చూడండి. వెనక చక్రాలు చూసే దిశనుబట్టే ముందువి సర్దాలి. 500 కిలోమీటర్లు తిరిగాక వెనక టైరు మీద అరచేత్తో అడ్డంగా ఇటూ అటూ రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే టో ఇంకా తప్పే ఉంది, దారాలు మళ్లీ కట్టండి.