ఒడ్డుకు వీచే పల్చటి గాలిలో, చిల్లర అలల మీద వింగ్ ఫాయిలింగ్

వింగ్ ఫాయిలింగ్ అంటే గాలి నింపిన వింగ్‌ను చేత్తో పట్టుకుని, అడుగున ఫాయిల్ ఉన్న బోర్డు మీద నీటికి పైన తేలుతూ పోవడం. ఫాయిల్ అంటే మాస్ట్ అనే నిలువు కడ్డీ, దాని కింద నీటిలో ఉండే రెక్కలు; వేగం అందగానే ఆ రెక్కలు ఇచ్చే లిఫ్టు, అంటే ఎత్తే బలం, బోర్డును నీటి పైకి లేపుతుంది. సముద్రం మీంచి ఒడ్డుకు వీచే గాలి 10–13 నాట్ల (గంటకు సుమారు 19–24 కి.మీ.) దగ్గరే ఆగిపోయి, నీళ్లు మాత్రం ఎగుడుదిగుడుగా కదులుతున్న రోజున బోర్డు లేవకపోతే తప్పు చాలాసార్లు గాలిది కాదు, బోర్డు ముక్కు చూస్తున్న దిక్కుది. సముద్రం లోపలికి వెళ్లాలన్న తొందరలో ముక్కును గాలికి ఎదురు తిప్పితే, ప్రతి చిల్లర అల దాన్ని కొట్టి అప్పటిదాకా కూడిన వేగాన్ని తినేస్తుంది. లేచేటప్పుడు అల వెంట వెళ్లాలి, లేచాకే గాలికి ఎదురెక్కాలి.

75–80 కిలోల మనిషికి 6–6.5 చదరపు మీటర్ల వింగ్, 1,500–1,900 చదరపు సెంటీమీటర్ల ఫాయిల్ ముందు రెక్క సరిపోతాయి. బోర్డు ఘనపరిమాణం లీటర్లలో, మీ బరువు కిలోల కంటే 20–30 ఎక్కువ ఉండాలి. బాగా సన్నగా, పొడుగ్గా ఉండే ముందు రెక్క ఈ నీళ్లకు వద్దు. వేగం కాస్త తగ్గగానే లిఫ్టు ఒక్కసారిగా వదిలేస్తుంది. వింగ్‌లో గాలి వాల్వు దగ్గర ముద్రించిన పీడనం దాకా నింపండి. మెత్తగా ఉంటే, వేగం కోసం వింగ్‌ను ఊపి లాగిన (పంప్ చేసిన) ప్రతిసారీ దాని ముందు అంచు గొట్టం వంగి, మీ బలం అక్కడే ఖర్చైపోతుంది. హెల్మెట్, దెబ్బల నుంచి ఒంటిని కాపాడే ఇంపాక్ట్ వెస్ట్, వింగ్‌నూ బోర్డునూ మీకు కట్టి ఉంచే రెండు లీష్‌లూ (తాళ్లూ) తప్పనిసరి.

నీళ్లలోకి దిగేటప్పుడు బోర్డుకీ ఒడ్డుకీ మధ్య ఎప్పుడూ నిలబడకండి. విరిగిన అల ఫాయిల్‌ను నేరుగా కాళ్ల మీదికి తెస్తుంది. బోర్డు ముక్కు అలకు ఎదురుగా పెట్టి, పక్కన నడవండి. వింగ్ ఒడ్డు వైపు తేలుతుంది. మాస్ట్ 80–85 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఛాతీ లోతు వచ్చాకే ఎక్కండి. మోకాళ్ల మీదే, గాలికి ఏటవాలుగా, అలలు విరిగే చోటు దాటి కనీసం 100 మీటర్లు వెళ్లండి. ఈ దూరం ఎందుకంటే, లేవడానికి చేసే ప్రతి ప్రయత్నం మిమ్మల్ని ఒడ్డు వైపు కొంత జార్చేస్తుంది.

అక్కడ బోర్డును ఒడ్డుకు సమాంతరంగా పెట్టి నిలబడండి. తొందరపడి పంప్ చేయకండి; భుజం మీదుగా చూస్తూ, చిల్లర అలల మధ్య కాస్త పెద్దగా వచ్చే అల కోసం ఆగండి. అది దగ్గరకు రాగానే ముక్కును 20–30 డిగ్రీలు ఒడ్డు వైపు వంచండి. బోర్డు వెనుక భాగం పైకి లేచిన క్షణమే అదను: వింగ్‌ను తల పైనుంచి నడుము దాకా లాగుతూ మూడు నాలుగు పంపులు కొట్టండి, అదే లయలో వెనుక కాలు నొక్కి వదలండి. పది పంపులు కొట్టినా లేవకపోతే ఆ అల వెళ్లిపోయినట్టే. బలం దాచుకుని ఇంకోదాని కోసం చూడండి.

లేచాక రెండు మూడు సెకన్లు అదే దిక్కున పోనిచ్చి, వేగం నిలిచాక మెల్లగా గాలి వైపు తిరగండి. బోర్డు అడుగు నీటి మట్టానికి సగం మాస్ట్ ఎత్తున ఉండాలి. కిందికి దిగితే అల తలలు తగులుతాయి, మరీ పైకి పోతే ముందు రెక్క బయటపడి దబ్బున పడతారు. ఎదురొచ్చే అల ముఖంలో నీరు పైకి కదులుతూ ఉంటుంది, ఫాయిల్‌నూ పైకి తోస్తుంది. అక్కడ ముందు కాలు నొక్కండి. శిఖరం దాటగానే నీరు కిందికి దిగుతుంది, ఆ నొక్కుడు వెంటనే వదలండి. పడిపోవడాల్లో చాలావరకు ఈ వదలడం ఆలస్యమైనందుకే. ఎంత నొక్కినా ముక్కు పైకే లేస్తుంటే మాస్ట్‌ను ఒక సెంటీమీటరు వెనక్కి జరపండి.

తిరిగి వచ్చేటప్పుడు మీ వేగం గాలి దిక్కునే ఉంటుంది కాబట్టి వింగ్‌కు గాలి అందదు, సోలిపోతుంది. దాన్ని ముందు హ్యాండిల్‌తో వెనక్కి వదిలేసి అల ముఖం మీదే జారండి. ముందున్న అల వీపు మీదికి ఎక్కితే లిఫ్టు పోతుంది. ఏటవాలుగా తిరిగి మీ అల మీదే ఉండండి. నురగ మొదలయ్యే చోటుకు బాగా ముందే మలుపు తీసుకోండి. ఒడ్డుకే రావాలనుకుంటే, ఛాతీ లోతు రాకముందే బోర్డును నీటికి ఆనించి దిగండి.