గులాబీ రంగు పురుగు బీటీకి లొంగట్లేదా? పత్తిలో ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి

బీటీ పత్తి అంటే పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే పత్తి. ఆ విషాన్ని తట్టుకునే జన్యువు తల్లి నుంచి, తండ్రి నుంచి రెండువైపులా వచ్చిన పురుగే బతుకుతుంది. ఒకవైపు నుంచే వస్తే బీటీ పువ్వో కాయో తిని చస్తుంది. తట్టుకున్న పురుగుకి నాన్‌ బీటీ మొక్క మీద పెరిగిన మామూలు పురుగు జతగా దొరికితే, వాటి పిల్లలకు ఒకవైపు జన్యువే వస్తుంది. ఇదివరకు 450 గ్రాముల బీటీ విత్తనాల సంచితో 120 గ్రాముల నాన్‌ బీటీ పొట్లం ఇచ్చింది ఇందుకే. చుట్టూ కనీసం 5 వరుసలు, లేదా పొలంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంత వేయాలన్నది అప్పటి నియమం. మన దగ్గర చాలా పొట్లాలు గట్టు దాటలేదు. దానికి బదులు కంది వేస్తే శనగపచ్చ పురుగుకు పనికొస్తుంది గానీ, గులాబీ పురుగు కంది తినదు.

ఇంకో చిక్కు: మనవి హైబ్రిడ్లు కాబట్టి ఒకే కాయలో బీటీ గింజలూ, బీటీ లేని గింజలూ ఉంటాయి. పురుగు కొంచెం విషం తిని బతికి, దాన్ని తట్టుకునేలా ముదురుతుంది. పురుగు ఇప్పటికే ముదిరిన ఊళ్లలో నాన్‌ బీటీ వరుసలు ఒక్కటే చాలవు.

విత్తిన 45 రోజులకు ఎకరానికి 2 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టేవి), పైరు కన్నా అడుగు ఎత్తులో కట్టండి. పైరు పెరిగేకొద్దీ బుట్ట జరపాలి. బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రాత్రులు పడ్డా, నూటికి 10 గుడ్డి పూలు (పురుగు లోపల చేరి విచ్చుకోకుండా చేసినవి) ఉన్నా, కోసి చూసిన 20 పచ్చి కాయల్లో 2 పుచ్చినా మందు కొట్టాలి. ఆలస్యమైతే పురుగు కాయలో దూరుతుంది, రంధ్రం పూడుకుపోతుంది, ఇక మందు అందదు.

లీటరు నీటికి ప్రొఫెనోఫాస్‌ 50 ఈసీ 2 మి.లీ. కొట్టాక మళ్లీ అవసరమైతే ఎమామెక్టిన్‌ బెంజోయేట్‌ 5 ఎస్‌జీ అర గ్రాముకు మారండి, థయోడికార్బ్‌కు కాదు. పేరు వేరైనా అదీ ప్రొఫెనోఫాస్‌ దెబ్బకొట్టే చోటే కొడుతుంది. ఒకదాన్ని తట్టుకున్న పురుగు రెండోదాన్నీ తట్టుకోవచ్చు. పైరు తొలిదశలో సింథటిక్‌ పైరిథ్రాయిడ్లు కొడితే తెల్లదోమ ఎగబాకుతుంది.

అన్నిటికన్నా పెద్ద పని చివర్లో ఉంది. డిసెంబరు, జనవరికల్లా పంట తీసేయండి. నీళ్లున్నాయి కదా అని మార్చి దాకా సాగదీస్తే, తట్టుకున్న పురుగుకు మరో రెండు తరాలు మీరే పెంచి ఇచ్చినట్టు. మోళ్లు పీకి యంత్రంతో ముక్కలు చేయించండి, ఎండిన కాయలతో కట్టెల కుప్పలు పెట్టొద్దు. ఊరి పక్కన జిన్నింగ్‌ మిల్లుంటే అక్కడా బుట్టలు కట్టించాలి. గింజల్లో నిద్రపోయిన పురుగు తొలకరికి లేచేది అక్కడే.