పోటు చూసుకుని వెళ్తే పిట్టలే దగ్గరికొస్తాయి

వలస పక్షుల్ని చూడ్డానికి కాకినాడ తీరానికి వెళ్లేవాళ్లు ఎక్కువమంది తెల్లారే టైము చూసుకుని బయల్దేరతారు. చూసుకోవాల్సింది సముద్రం నీళ్లు ఒడ్డుకి ఎక్కే పోటు టైము. గోదావరి గౌతమి పాయ నుంచి కోరంగి, గాడేరు కాలవలు మోసుకొచ్చే ఒండ్రు, హోప్ ఐలాండ్ అలలకి అడ్డంగా ఉండబట్టి, కాకినాడ బే (అఖాతం)లోనే దిగిపోతుంది. నీళ్లు వెనక్కి తీసే పాటు మీద ఆ బురదంతా బయటపడుతుంది. ఉల్లంకి పిట్టలు, ప్లోవర్లు లాంటి ఒడ్డు పిట్టలు పురుగులూ చిన్న పీతలూ ఏరుకుంటూ నీటి అంచు వెంటే పోతాయి. అప్పుడు ఒడ్డున నిలబడితే కనిపించేవి నల్ల చుక్కలే.

అందుకని పోటు నిండడానికి రెండున్నర, మూడు గంటల ముందే చేరుకోండి. నీళ్లు ఎక్కేకొద్దీ పిట్టలు మీవైపు జరుగుతాయి. పోటు వేళలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. ఒకరోజు టైము తెలిస్తే, మర్నాటికి సుమారు 50 నిమిషాలు కలుపుకోండి. అమావాస్య, పౌర్ణమి పోట్లకి బురదంతా మునిగిపోయి పిట్టలు వేరే దిబ్బలకి లేచిపోతాయి. అష్టమి వైపు నీళ్లు ఒడ్డుదాకా ఎక్కవు. ఈ రెంటికీ మధ్య రోజులే మేలు.

కాకినాడ తీరంలో కుంభాభిషేకం అనే చోట నిలబడితే సముద్రం తూర్పు. పొద్దున సూర్యుడు కళ్లలో పడి పిట్టలన్నీ నల్లగానే ఉంటాయి. సాయంత్రం నిండే పోటు దొరికితే వదలొద్దు, వెలుగు వెనక నుంచి పడుతుంది.

8×42 బైనాక్యులర్ తప్పనిసరి. 20–60 రెట్లు పెద్దగా చూపే స్కోపు (చిన్న టెలిస్కోపు) ఉంటే సగం పని అయినట్టే. కానీ ఎండెక్కాక బురద మీద గాలి వణుకుతుంది, 60కి తిప్పితే ముద్దగా కనిపిస్తుంది. 25, 30 దగ్గరే ఆపండి. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా సాగదీయకుండా కూర్చుని చూస్తే గాలికి కదలదు, పిట్టలూ బెదరవు.

పేరు పట్టాలంటే రంగు మీద ఆధారపడొద్దు, చలికాలంలో చాలావరకు బూడిదరంగే. మేసే తీరు చూడండి. ప్లోవర్ పరిగెత్తి, ఆగి, ఒక్కసారి ముక్కుతో పొడుస్తుంది. గాడ్విట్ ముక్కు మొదలంటా బురదలో దించి కుట్టుమిషన్ సూదిలా ఆడిస్తుంది. కర్ల్యూ, వింబ్రెల్ రెండిటి ముక్కూ కిందికి వంపే. కర్ల్యూది బారెడు, వంపు పొడవునా సాగుతుంది. వింబ్రెల్ ముక్కు పొట్టి, తలమీద చారలుంటాయి. ఇసుక దిబ్బ మీద టెర్న్‌లనే సముద్ర పిట్టల గుంపు గాలికి ఎదురుగా నిలబడి ఉంటే ఒక్కోదాన్నీ వెతకండి. పైముక్కు కన్నా కిందిముక్కు పొడవున్న ఇండియన్ స్కిమ్మర్ వాటి మధ్యే కునుకు తీస్తూ ఉండొచ్చు.

లెక్క కట్టడానికి ముందు పది పిట్టల్ని ఎంచి, అవి ఎంత మేర ఆక్రమించాయో చూసుకుని, ఆ మేరని గుంపంతా పరుచుకుంటూ పోండి. ఎగిరాక లెక్కపెట్టబోతే ఎవరికైనా తప్పుతుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పిట్టలు నిండుగా ఉంటాయి. ఏప్రిల్ వైపు వెళ్తే కర్ల్యూ శాండ్‌పైపర్లు తిరుగు ప్రయాణానికి ముందు ఇటుకరంగు తిరగడం చూడొచ్చు.

ఫోటో కోసం బురదలోకి దిగొద్దు. మోకాలిదాకా కూరుకుపోవడం ఒకెత్తు, వెనక కాలవలో నీళ్లు ముందే నిండిపోవడం మరొకెత్తు. పిట్టలు మేత ఆపి తలెత్తి ఒకేవైపు చూస్తున్నాయంటే మీరు ఎక్కువ దగ్గరికొచ్చేసినట్టే, వెనక్కి రండి.

ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే ఉప్పు పట్టి లాకులు బిగుసుకుపోతాయి.