మొరెల్ పుట్టగొడుగా, వెర్పానా? కోసి తేల్చుకోవడం ఎలా?

మార్చి చివర్లో, సియాటిల్ చుట్టుపక్కల నదుల ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు చిగురించే వేళకి, వాటి కింద రాలిన ఆకుల్లోంచి ముడతల టోపీ ఉన్న గోధుమరంగు పుట్టగొడుగులు లేస్తాయి. చూసినవాళ్లు చూసినట్టే "మొరెల్స్ (తినడానికి వెతికి కోసుకునే అడవి పుట్టగొడుగులు) దొరికాయి" అని ఫొటోలు పెట్టేస్తారు. ఆ రోజుల్లో ఆ చెట్ల కింద దొరికేది చాలావరకు మొరెల్ కాదు, దాన్ని పోలి ఉండే వెర్పా బొహీమికా అనే మరో పుట్టగొడుగు. అసలు మొరెల్ కంటే ముందే వచ్చేస్తుంది కాబట్టి, సీజన్ కోసం ఎదురుచూసే కళ్లకు అదే మొరెల్‌లా కనిపిస్తుంది. పైపైన చూస్తే ఎవరైనా పొరబడతారు. 1828లో దీన్ని మొదట వర్ణించిన పుట్టగొడుగుల శాస్త్రవేత్త క్రోంబోల్జ్ కూడా మొరెల్ జాతిలోనే చేర్చాడు. 1893లో మరో శాస్త్రవేత్త ష్రోటర్ దాన్ని వెర్పా జాతికి మార్చాడు.

మన ఊళ్లలో తొలకరి తర్వాత పుట్టల మీద లేచే పుట్టకొక్కుల్ని పెద్దవాళ్లు చూడగానే గుర్తుపడతారు. ఆ అలవాటుతో ఇక్కడి అడవిలోకి దిగకండి. ఇక్కడ కళ్లు కాదు, కత్తి చెప్పాలి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పదునైన చిన్న కత్తి, పేపర్ సంచులు, తెల్ల ప్లేటు, ఒక టూత్‌పిక్. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, చెమ్మకి అన్నీ మెత్తబడి ఇంటికొచ్చేసరికి ఏది ఏదో తెలియదు. ఆ చోట కోసుకోవడానికి అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి. పాత ఆపిల్ తోటల్లో కోయకండి. ఒకప్పుడు అక్కడ లెడ్ ఆర్సెనేట్ పురుగుమందు కొట్టేవారు, ఆ సీసం, ఆర్సెనిక్ ఇంకా మట్టిలో ఉంటాయి.

కోసేటప్పుడు కాడ మొదలుతో సహా తీయండి. టోపీ ఒక్కటే తుంచి తెస్తే అది చెత్తబుట్టకే. ఒక్కో చోట దొరికినవి ఒక్కో సంచిలో వేయండి. అడవిలో పని అంతే.

ఇక ఇంటికొచ్చాక చేసే పని. అందరూ పాడుచేసేది ఇక్కడే. కడిగేసి, అడ్డంగా చక్రాలు తరిగి, చక్రంలో చిల్లు కనిపించగానే "లోపల బోలుగా ఉంది, మొరెలే" అని తేల్చేస్తారు. అడ్డంగా తరిగితే మీరు చూడాల్సిన ఒకే ఒక్క చోటు, టోపీ కాడకి అతుక్కున్న చోటు, ముక్కలైపోతుంది.

నిలువుగా కోయాలి. కడగకముందే కోయాలి. పుట్టగొడుగుని ప్లేటులో పక్కకి పడుకోబెట్టి, కాడ మొదలు దగ్గర కత్తి పెట్టి టోపీ కొన దాకా ఒకే గీతగా, సరిగ్గా మధ్యలోంచి తీసుకెళ్లండి. కొన నుంచి కిందికి కోస్తే టోపీ లాగినట్టై అతుకు చిరుగుతుంది. ఆ చిరుగు చూసి టోపీ విడిగానే ఉందనుకుంటారు. రంపంలా పళ్లున్న కత్తి అసలు వాడకండి. మధ్యలోంచి కాకుండా పక్కగా తెగితే అది లెక్కలోకి రాదు, సగాన్ని మళ్లీ సరిచేసి కోయండి.

ఇప్పుడు టూత్‌పిక్ తీసుకుని, టోపీ కింది అంచుకీ కాడకీ మధ్య నెమ్మదిగా పైకి జరపండి. అసలు మొరెల్‌లో అది అంచు దగ్గరే ఆగిపోతుంది. టోపీ అంచు కాడతో కలిసిపోయి ఉంటుంది, కొన నుంచి మొదలు దాకా లోపల ఒకే ఖాళీ కనిపిస్తుంది. వెర్పాలో పుల్ల ఎక్కడా ఆగదు, కొన దాకా వెళ్లిపోతుంది. టోపీ కాడ చివర ఒక్కచోటే అంటుకుని, దర్జీ వేలికి పెట్టుకునే తొడుగులా ఊరికే కూర్చుని ఉంటుంది. కాడలో తెల్లటి దూది లాంటి పీచు ఉంటుంది.

పుల్ల సగం దాకా వెళ్లి ఆగిందా? అది సగం అతుకు మొరెల్ అయి ఉండొచ్చు. మొరెల్ జాతిదే, తింటారు కూడా. అయినా కొత్తవాళ్లు దాన్ని వదిలేయాలి. సగం ఎక్కడో, కొన ఎక్కడో చెయ్యి తిరిగితే గానీ తెలియదు.

దూది పీచు లేదు కాబట్టి మొరెల్ అనుకోకండి. ముదిరిన వెర్పాలో ఆ పీచు పోయి కాడ ఖాళీగా కనిపిస్తుంది. అందుకే "బోలుగా ఉందా" అన్నది రెండో ప్రశ్న, "టోపీ ఎక్కడ అతుక్కుంది" అన్నదే మొదటి ప్రశ్న. టోపీ మీద గుంటలుంటే మొరెల్, నిలువు ముడతలుంటే వెర్పా అనేది మామూలుగా నిజమే. కానీ గుంటలు పడినట్టు కనిపించే వెర్పాలూ ఉంటాయి, దాని మీద తీర్పు చెప్పకండి. నత్త కొరికి అతుకు పాడైందా, పారేయండి. ఇలా ప్రతి ఒక్కటీ కోయాలి. నాలుగు కోసి మిగతావి కూడా అవేలే అనుకోవడం తప్పు, రెండూ ఒకే చెట్టు కింద రావచ్చు.

ఫోన్ యాప్‌తో గుర్తుపట్టడం ఎందుకు వద్దంటానంటే, ఫొటోలో కనిపించేది టోపీ పైభాగం. అసలు విషయం టోపీ కింద ఉంది. అనుమానం తీరకపోతే కోసిన రెండు సగాలూ పట్టుకుని తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. సియాటిల్‌లో ప్యూజెట్ సౌండ్ మైకలాజికల్ సొసైటీ అనే పుట్టగొడుగుల సంఘం 1964 నుంచీ ఉంది. చేతిలో పెట్టి చూపిస్తే అయిదు నిమిషాల్లో తేలిపోయేదానికి వాట్సాప్‌లో ఓటింగ్ పెట్టడం నాకు నచ్చదు.

కోయగానే లోపల ఒకే ఖాళీ కాకుండా మడతలు మడతలుగా, అరలు అరలుగా కనిపించి, టోపీ ఎర్ర గోధుమరంగు ముద్దలా ఉంటే అది జైరోమిట్రా అనే విషపు పుట్టగొడుగు అయి ఉండొచ్చు. వెంటనే పక్కన పెట్టి చేతులు కడుక్కోండి. అందులోని జైరోమిట్రిన్ అనే విషం విడిపోయి మోనోమిథైల్ హైడ్రజీన్ అవుతుంది, రాకెట్ ఇంధనంగా వాడే పదార్థం అదే. ఉడికించేటప్పుడు వచ్చే ఆవిరి కూడా హాని చేస్తుంది. తిన్న చాలా గంటల దాకా ఏమీ తెలియదు, తర్వాత వాంతులు, ఆపైన కాలేయం దెబ్బతినడం. ఫిన్లాండ్‌లో దీన్ని హెచ్చరిక కాగితంతో అమ్ముతారు, అక్కడివాళ్లు ఉడికించి నీళ్లు పారబోసి తింటారు. అది చూసి మీరు ప్రయత్నించకండి.

వెర్పాను కూడా ఉడికించి తినేవాళ్లున్నారు. ఎక్కువగానో, వరుసగా కొన్నాళ్లో తిన్నవాళ్లకి కడుపు పాడవడం, కాళ్లూ చేతులూ మాట వినకపోవడం జరిగింది. మా ఇంట్లో వెర్పా పొయ్యి ఎక్కదు.

మొరెల్ అని తేలినవాటిని అప్పుడు కడిగి, నెయ్యిలో పావుగంటైనా బాగా మగ్గనిచ్చి, ఉప్పు, మిరియాలు వేస్తే చాలు. గరం మసాలా వేస్తే ఆ వాసనంతా పోతుంది, అంత కష్టపడింది దేనికి? పచ్చిగా గానీ అరకొరగా గానీ అసలు తినకూడదు. 2023లో మాంటానాలోని ఒక రెస్టారెంట్‌లో పచ్చివీ, సరిగా ఉడకనివీ తిని 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. అవి నిజమైన మొరెల్సే. మొదటిసారి తినేవాళ్లు రెండు మూడు ముక్కలతో ఆపండి, ఆ రోజు మద్యం ముట్టకండి.

కోసిన వాటిలో ఒక సగం ముక్క వండకుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు రాత్రి దాకా పారేయకండి. ఎవరికైనా కడుపులో తిప్పినా, తల తిరిగినా అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222కి ఫోన్ చేసి, ఆ ముక్కను ఆస్పత్రికి తీసుకెళ్లండి.